వీడియో గేమ్ తయారీ: ఆన్‌లైన్‌లో ప్రాథమిక పాఠాలు

వీడియో గేమ్ తయారీ అంటే నాలుగైదు విద్యల కలయిక. ప్రోగ్రామింగ్ రావాలి, బొమ్మలు తెరమీద సాఫీగా కదలాలి, శబ్దం సమయానికి వినిపించాలి, ఆట నియమాలు ఒకదానికొకటి అడ్డు తగలకూడదు, ఆడేవారు ఎక్కడ విసుగుపడతారో ముందే పసిగట్టాలి. పాతికేళ్ల కిందట ఈ పని నేర్చుకోవాలనుకున్న విద్యార్థికి దారులు చాలా తక్కువ. ఇప్పుడు గేమ్ ఇంజిన్లు ఉచితం, పాఠాలు ఉచితం. బొమ్మలూ శబ్దాలూ కూడా ఎవరైనా వాడుకోదగిన లైసెన్సులతో దొరుకుతున్నాయి. సమాచారానికి కొరత దాదాపు తీరిపోయింది. తీరని కొరతలు రెండున్నాయి: మొదలుపెట్టిన గేమును పూర్తిచేసే అలవాటు, పూర్తయినదాన్ని మరొకరి చేతికిచ్చి ఎక్కడ తేడా వచ్చిందో చూసుకునే అవకాశం. ఈ రెండింటినీ ఏ వీడియో పాఠమూ తనంతట తాను ఇవ్వలేదు. అందుకే పాఠం ఎన్ని గంటలుందో చూసి ఎంచుకోవడం పొరపాటు. దాని చివర మన చేతిలో పూర్తయిన గేమ్ ఒకటి, ఎంత చిన్నదైనా సరే, మిగులుతుందా లేదా అన్నదే చూడాలి. ఈ రంగం చరిత్ర, విద్యా మనస్తత్వశాస్త్ర పరిశోధన, గేములు లోపల పనిచేసే తీరు ఈ మాటనే బలపరుస్తున్నాయి.

ఈ రంగంలో తొలితరం వారికి గురువులు లేరు, ఒకరి ప్రోగ్రామును మరొకరు విప్పి చూసుకునే వీలు మాత్రం ఉండేది. 1962లో ఎమ్‌ఐటీలో స్టీవ్ రస్సెల్ పీడీపీ-1 కంప్యూటర్ మీద స్పేస్‌వార్ రాస్తే, పీటర్ శాంసన్ దాని వెనుక నిజమైన నక్షత్రపటాన్ని చేర్చారు, డాన్ ఎడ్వర్డ్స్ తెర నడుమ ఉన్న నక్షత్రానికి గురుత్వాకర్షణ తెచ్చిపెట్టారు. 1973లో డేవిడ్ ఆల్ 101 గేముల బేసిక్ ప్రోగ్రాములను పుస్తకంగా కూర్చారు. కొన్నవారు వాటిని పంక్తి పంక్తీ తామే టైపు చేసుకోవాలి. 1978లో మైక్రోకంప్యూటర్ల కోసం దిద్దిన కూర్పు, పది లక్షల ప్రతులు అమ్ముడైన తొలి కంప్యూటర్ పుస్తకంగా పేరు తెచ్చుకుంది. ఒక్క అంకె తప్పు కొడితే గేమ్ నడిచేది కాదు. ఆ తప్పు వెతుక్కోవడంలోనే ఒక తరం ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. 1993లో వచ్చిన డూమ్ తన దశల సమాచారాన్ని ఇంజిన్ నుంచి వేరుచేసి విడి ఫైళ్లలో పెట్టింది. దాంతో ఆడేవారే కొత్త దశలు కట్టడం మొదలుపెట్టారు. 1997లో ఆ గేమ్ సోర్స్ కోడ్ కూడా బయటికొచ్చింది. 1999లో మిన్ లే, జెస్ క్లిఫ్ హాఫ్-లైఫ్ గేమును మార్చి కౌంటర్-స్ట్రైక్ తయారుచేశారు. అది మరుసటి ఏడాదే వాల్వ్ సంస్థ పేరుతో దుకాణాలకు వెళ్లింది. వీరిలో చాలామంది శూన్యం నుంచి మొదలుపెట్టలేదు. నడుస్తున్న గేమును తెరిచి, ఒకచోట మార్చి, ఏమైందో చూశారు. ఇంటర్నెట్ ఈ పద్ధతిని కొత్తగా కనిపెట్టలేదు, అందరికీ అందుబాటులోకి తెచ్చిందంతే.

ఆ అందుబాటుకు ప్రధాన కారణం ఇంజిన్లు. ఇంజిన్ అంటే ప్రతి గేముకూ కావలసిన ఉమ్మడి పనుల్ని, అంటే బొమ్మను తెరమీద పెట్టడం, తాకిడిని గుర్తించడం, శబ్దం వినిపించడం, మీటలు నొక్కితే స్పందించడం వంటివాటిని, ముందే చేసిపెట్టిన సాఫ్ట్‌వేర్. 1999లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ ఓవర్‌మార్స్ మొదలుపెట్టిన సాధనం గేమ్‌మేకర్‌గా ఎదిగింది. 2015 నాటి అండర్‌టేల్ అనే గేమ్ దాంట్లో తయారైనదే. 2005లో డెన్మార్క్ నుంచి వచ్చిన యూనిటీ మొబైల్ గేముల కాలంలో విపరీతంగా వ్యాపించింది. పెద్ద స్టూడియోల సొత్తుగా ఉన్న అన్‌రియల్ ఇంజిన్ 2015లో అందరికీ ఉచితమైంది. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, అరియెల్ మంజూర్ రూపొందించిన గోడో 2014లో స్వేచ్ఛా లైసెన్సుతో బయటికొచ్చింది. పిల్లల కోసం ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తెచ్చిన స్క్రాచ్ 2007 నుంచి ఉంది. దాంట్లో టైపు చేయనక్కర లేదు, ఆదేశాల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి అతికిస్తే చాలు. కొత్తగా నేర్చుకునేవారి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఏ ఇంజిన్ మంచిదన్నదే. ఈ ప్రశ్న మీద జరిగే చర్చకూ దాని విలువకూ పొంతన లేదు. యూనిటీ సంస్థ 2023 సెప్టెంబరులో, నిర్ణీత పరిమితులు దాటిన గేమ్ ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ తయారీదారు నుంచి రుసుము తీసుకుంటామని ప్రకటించి, వ్యతిరేకత తట్టుకోలేక ఏడాది తర్వాత పూర్తిగా రద్దు చేసుకుంది. యూనిటీ పాఠాలతో లక్షల మందికి దగ్గరైన బ్రాకీస్ చానల్ 2020లో ఆగిపోయి, 2024లో గోడో పాఠాలతో తిరిగొచ్చింది. పనిముట్లు ఇలా మారుతూనే ఉంటాయి. మారినా చేతిలో మిగిలే విద్య ఏదో తెలుసుకోవడమే ప్రాథమికాల సారం.

ఆ విద్యను చూపడానికి పాంగ్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1972లో అటారీ సంస్థలో కొత్తగా చేరిన ఆలన్ ఆల్కార్న్‌కు నోలన్ బుష్నెల్ దాన్ని శిక్షణ అభ్యాసంగా ఇచ్చారు. రెండు కర్రలు, ఒక బంతి, రెండు స్కోర్లు. ఆల్కార్న్ అక్కడితో ఆగలేదు. కర్రను ఎనిమిది భాగాలుగా విడగొట్టి, బంతి ఏ భాగానికి తగిలితే ఆ కోణంలో వెనక్కి పోయేలా చేశారు. నడుమ తగిలితే తిన్నగా, అంచుకు తగిలితే వాలుగా. బంతి చేజారకుండా ఎక్కువసేపు ఆడేకొద్దీ దాని వేగం పెరిగేలా చేశారు. సర్క్యూట్‌లోని ఒక లోపం వల్ల కర్రలు తెర పై అంచుదాకా వెళ్లలేకపోతే, ఆ లోపాన్ని అలాగే వదిలేశారు. అది లేకపోతే ఇద్దరు నేర్పరులు ఎంతసేపైనా ఆడుతూనే ఉండేవారు. ఈ మూడు నిర్ణయాలూ తీసేస్తే మిగిలేది అటూ ఇటూ తిరిగే ఒక చుక్క. అవి ఉన్నందువల్లే అందులో గురి, ఒత్తిడి, ఓటమి వచ్చాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన గేమ్ తయారీ కోర్సు కూడా మొదటి పాఠంగా పాంగ్‌నే ఎంచుకుంది. తర్వాత ఫ్లాపీ బర్డ్, బ్రేక్‌అవుట్, మారియో, జెల్డా వరుసలో సాగుతుంది. ఒక్కో వారం ఒక్కో పాత గేమును మళ్లీ కట్టించడమే ఆ కోర్సు పద్ధతి. నా దృష్టిలో ఆన్‌లైన్ పాఠ్యక్రమాల్లో ఇంతకంటే తెలివైన అమరిక అరుదు.

పాంగ్‌ను మళ్లీ కట్టేటప్పుడు విద్యార్థికి ఎదురయ్యే మొదటి అసలైన సమస్య కాలం. గేమ్ లోపల ఒక చక్రం నిరంతరం తిరుగుతుంటుంది: మీటలు చూడు, లెక్కలు మార్చు, బొమ్మ గీయి, మళ్లీ మొదలు. దీన్నే గేమ్ లూప్ అంటారు. బంతి ప్రతి చుట్టుకూ 5 పిక్సెళ్లు జరగాలని రాస్తే, సెకనుకు 60 సార్లు గీసే తెరమీద అది సెకనుకు 300 పిక్సెళ్లు పోతుంది. అదే గేమును 120 సార్లు గీసే కొత్త ఫోనులో తెరిస్తే 600 పోతుంది. రాసినవారి కంప్యూటర్‌లో చక్కగా ఆడిన గేమ్ స్నేహితుడి ఫోనులో ఆడలేనంత వేగంగా పరుగెడుతుంది. మందు తేలికే: వేగాన్ని సెకనుకు ఇన్ని పిక్సెళ్లని రాసి, గత చుట్టు నుంచి గడిచిన కాలంతో గుణించాలి. ఇప్పుడు రెండో సమస్య వస్తుంది. బంతి వేగం సెకనుకు 1200 పిక్సెళ్ల దాకా పెరిగిందనుకుందాం. 60 సార్లు గీసే తెరమీద ఒక్క చుట్టులో అది 20 పిక్సెళ్లు దూకుతుంది. కర్ర మందం 10 పిక్సెళ్లే అయితే, ఒక చుట్టులో బంతి కర్రకు ఇవతల ఉండి, తర్వాతి చుట్టులో అవతల తేలవచ్చు. రెండూ తాకినట్టు కంప్యూటర్‌కు తెలియనే తెలియదు. మొదటి గేమ్ రాసినవారిలో చాలామంది ఈ బగ్‌ను చూసి ఇంజిన్ చెడిపోయిందనుకుంటారు. గ్లెన్ ఫీడ్లర్ 2004లో రాసిన ప్రసిద్ధ వ్యాసం, లెక్కల అడుగును తెర వేగం నుంచి విడదీసి స్థిరంగా ఉంచడం ఎలాగో వివరించింది. ఇప్పటికీ ఈ విషయం మీద కొత్తవారికి చూపించే వ్యాసం అదే. ఈ సమస్యల్ని వీడియోలో చూసినవారికి అవి సమాచారంగా మిగులుతాయి, సొంత గేములో ఒక సాయంత్రం తలపట్టుకుని వెతికినవారికి జీవితకాలం గుర్తుంటాయి.

గేమ్ సరిగ్గా నడిస్తే సరిపోదు, చేతికి హాయిగా ఉండాలి. ఈ హాయిని కూడా నేర్చుకోవచ్చు, అదేదో పుట్టుకతో వచ్చే ప్రతిభ కాదు. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే కొండెక్కే గేములో, అంచు దాటి కాలు గాలిలోకి వెళ్లిన తర్వాత కూడా సెకనులో పదో వంతు సేపు గెంతు మీట పనిచేస్తుంది. ఆడేవారికి ఆ విషయం తెలియదు. మీట సమయానికే నొక్కామని అనుకుంటారు, గేమ్ న్యాయంగా ఉందని నమ్ముతారు. తయారీదారులు మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ ఆ గేములో ప్రధాన పాత్ర కోడును అందరూ చదువుకునేలా బయటపెట్టారు. ఒక్క పాత్ర కదలికకు 5 వేలకు పైగా పంక్తులు. ఒక మనిషి పరుగెత్తడం, గెంతడం వెనుక ఎన్ని చిన్న చిన్న మినహాయింపులు ఉంటాయో ఆ ఫైలు చదివితే తెలుస్తుంది. ఆ సెలెస్ట్ కూడా మొదట 4 రోజుల్లో కట్టిన చిన్న గేమే. 2012లో మార్టిన్ యోనాసన్, పెట్రి పుర్హో ఇచ్చిన ప్రసంగం మరో మంచి పాఠం. నీరసమైన ఇటుకల గేమును ముందుపెట్టుకుని, నియమాలు ఏమాత్రం మార్చకుండా, శబ్దం, కంపం, రంగు, సాగుడు ఒక్కొక్కటిగా చేర్చుతూ దాన్ని ఉత్సాహంగా మార్చి చూపారు. ఇలాంటి ప్రసంగాలు పదేళ్ల కిందటివైనా పాతబడలేదు. ఇంజిన్‌లో ఏ బటన్ ఎక్కడుందో చెప్పే పాఠాలు మాత్రం రెండేళ్లకే పనికిరాకుండా పోతున్నాయి.

పాఠాలు చూడటానికీ విద్య రావడానికీ మధ్య ఉన్న దూరాన్ని పరిశోధకులు కొలిచారు. హార్వర్డ్, ఎమ్‌ఐటీ 2012 నుంచి 2018 వరకూ ఎడెక్స్ అనే వేదికలో నడిపిన ఆన్‌లైన్ కోర్సులను పరిశీలించి జస్టిన్ రైక్, హోసే రుయిపెరెజ్-వాలియెంటే 2019లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. దాని ప్రకారం 2017–18లో చేరినవారందరిలో కోర్సు పూర్తిచేసినవారు 3.13 శాతమే. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవారిలో కూడా 46 శాతమే. ఊరికే చూసిపోదామని చేరేవారు ఎక్కువ కాబట్టి మొదటి అంకె వైఫల్యాన్ని ఎక్కువ చేసి చూపుతుందన్న మాట నిజమే. కానీ డబ్బు కట్టి, పూర్తిచేయాలనే ఉద్దేశంతో కూర్చున్నవారిలోనూ సగానికి పైగా మధ్యలో ఆగిపోయారంటే ఆ లోటు పాఠాల నాణ్యతలో కంటే నేర్చుకునే ఏర్పాటులోనే ఎక్కువ ఉంది. పరిశోధకులు రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగం మరో చిక్కును బయటపెట్టింది. ఒక పాఠాన్ని పదేపదే చదివినవారు తమకు బాగా వచ్చేసిందని ఎక్కువ ధీమాగా ఉన్నారు. వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేసినవారికే ఎక్కువ గుర్తుంది. గేమ్ పాఠాల్లో ఈ భ్రమ మరింత బలంగా ఉంటుంది. వీడియోలో చెప్పినట్టే చేస్తూ పోతే గేమ్ నిజంగానే నడుస్తుంది కాబట్టి, వచ్చేసిందనిపిస్తుంది. ఖాళీ ప్రాజెక్టు తెరిచి కూర్చున్న రోజున మొదటి పంక్తి కూడా తోచదు. నేర్చుకునేవారు దీనికి పెట్టుకున్న పేరే ట్యుటోరియల్ హెల్.

అయితే వీడియోలు మానేసి మొదటిరోజు నుంచీ సొంతంగా తంటాలు పడమనడం కూడా తప్పు సలహా. జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణిత విద్యార్థుల మీద చేసిన ప్రయోగాల్లో, కొత్తవారు లెక్కలు సొంతంగా చేయబోవడం కంటే చేసి చూపిన లెక్కల్ని పరిశీలించినప్పుడే త్వరగా నేర్చుకున్నారు. తర్వాతి పరిశోధనలో దీని రెండోవైపు కూడా తేలింది: కొంత పట్టు వచ్చాక అవే ఉదాహరణలు అడ్డమవుతాయి. ఈ రెండు ఫలితాలనూ కలిపి చూస్తే పద్ధతి దానంతటదే తెలుస్తుంది. గోడో అధికారిక పత్రాల్లో మొదటి 2డీ గేముగా ఇచ్చిన పాఠాన్ని తీసుకోండి. నలువైపుల నుంచి వచ్చే ప్రాణుల్ని తప్పించుకుంటూ ఎంతసేపు నిలబడగలమన్నదే ఆట. మొదట దాన్ని చెప్పినట్టే కట్టాలి. తర్వాత పాఠం మూసేసి ఖాళీ ప్రాజెక్టులో మళ్లీ కట్టాలి. ఆగిపోయిన చోట మాత్రమే పాఠం తెరవాలి. మూడోసారి పాఠంలో లేనిదొకటి చేర్చాలి: ప్రాణం మూడుసార్లు పోయాకే ఆట ముగియడం, ఏరుకుంటే వేగం పెరిగే వస్తువు, ఇంకేదైనా సరే. ఈ మూడో మెట్టు దగ్గరే నేర్చుకోవడం మొదలవుతుంది. చాలా పాఠాలు రెండో మెట్టు గురించి మాట్లాడకుండానే తర్వాతి వీడియోకు పంపేస్తాయి.

ఇంజిన్ మీద ఆధారపడితే లోపల ఏం జరుగుతోందో తెలియదని, అంతా మొదటినుంచీ చేత్తో రాస్తేనే అసలు విద్య అని ఒక వర్గం గట్టిగా వాదిస్తుంది. ఈ వాదనలో బలం ఉంది. కేసీ మురటోరీ 2014 నవంబరులో హ్యాండ్‌మేడ్ హీరో పేరుతో, ఏ ఇంజిన్, ఏ లైబ్రరీ వాడకుండా ఒక గేమును ప్రత్యక్ష ప్రసారంలో రాయడం మొదలుపెట్టారు. వందల భాగాలు సాగిన ఆ ధారావాహిక వల్ల మెమరీ, ప్రాసెసర్ వేగం, గ్రాఫిక్స్ ఎలా పనిచేస్తాయో ఎందరికో తెలిసింది. కానీ అది మొదటి మెట్టు కాదు, కొంత ఎక్కినవారికి పై మెట్టు. ఆ గేమ్ ఇంతవరకూ పూర్తయిన రూపంలో బయటికి రాలేదన్నది కూడా గమనించాలి. అనుభవజ్ఞుడికే అంత పెద్ద పని, కొత్తవారిని తొలి నెలలోనే ఆపేస్తుంది. మధ్యేమార్గం ఉంది. లువా భాషతో నడిచే లవ్, పైథాన్‌తో నడిచే పైగేమ్ వంటివి గేమ్ లూపులో జరగాల్సిన పనిని మన చేతికే వదిలేసి, బొమ్మలు గీయడం, శబ్దం వినిపించడం మాత్రం చూసుకుంటాయి. 2024లో ప్రపంచమంతా ఆడిన పేకల గేమ్ బలాట్రోను ఒక్కరే లవ్‌లో రాశారు. కోడును పద్ధతిగా అమర్చుకోవడం తెలియాలంటే రాబర్ట్ నైస్ట్రమ్ 2014లో వెలువరించిన గేమ్ ప్రోగ్రామింగ్ ప్యాటర్న్స్ పుస్తకం పూర్తి పాఠం వెబ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. రెండు మూడు చిన్న గేములు పూర్తిచేసినవారికే అది చదివితే ఒంటపడుతుంది.

పూర్తిచేసే అలవాటుకు గేమ్ జామ్‌లు పెద్ద ఆసరా. 2002లో మొదలైన లూడుం డేర్‌లో ఒక అంశం ఇచ్చి, ఒంటరిగా 48 గంటల్లో గేమ్ తయారుచేయమంటారు. 2009 నుంచి జరుగుతున్న గ్లోబల్ గేమ్ జామ్ ఏటా అనేక దేశాల్లో ఒకే వారంలో నడుస్తుంది. గడువు ఉంది కాబట్టి కోరికలు తగ్గించుకోక తప్పదు: పది దశలనుకున్నది ఒకటవుతుంది, మూడు శత్రువులనుకున్నది ఒకటవుతుంది, ఆ ఒక్కటీ పూర్తవుతుంది. లూడుం డేర్‌లో మనం ఇతరుల గేములు ఆడి మార్కులు వేసేకొద్దీ మన గేముకూ మార్కులు వేసేవారు పెరుగుతారు. ఈ ఏర్పాటు వల్ల ముక్కూమొహం తెలియనివారు మన గేమును ఆడతారు. స్నేహితులు మొహమాటానికి బాగుందంటారు, అపరిచితులు మొదటి నిమిషంలోనే మూసేస్తారు. ఆ మొదటి నిమిషంలో వారు ఎక్కడ ఆగారో తెలిస్తే పాఠం దొరికినట్టే. గేమును బ్రౌజర్‌లోనే ఆడేలా ఇచ్.ఐఓ సైట్‌లో పెడితే ఎవరూ ఏమీ డౌన్‌లోడ్ చేసుకోనక్కర లేదు. గూగుల్ ప్లే కూడా ఇప్పుడు కొత్త వ్యక్తిగత ఖాతాదారులు యాప్ విడుదలకు ముందు కనీసం 12 మందితో 14 రోజులు పరీక్షింపజేయాలని షరతు పెట్టింది. కొత్తవారికి అది అడ్డంకిలా తోస్తుంది గానీ, ఎవరూ చెప్పకపోయినా చేయవలసిన పనే అది.

ఇంత చెప్పినా కాలేజీ చదువుకు ఇది సాటి వస్తుందా అని తల్లిదండ్రులు అడగడం సహజం. కొన్ని విషయాల్లో రాదు. గణితం, డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒక క్రమంలో, పరీక్షల ఒత్తిడితో చదివినప్పుడు బాగా నిలుస్తాయి. పక్కన కూర్చున్న సహాధ్యాయి, గడువు, తప్పు పట్టుకునే అధ్యాపకుడు ఆన్‌లైన్‌లో వెతుక్కోవలసినవి. అయితే గేములకు మొదట్లో కావలసిన గణితం భయపెట్టేంత లేదు. పైన చెప్పిన గోడో పాఠంలోనే కుడి మీట, కింది మీట కలిపి నొక్కితే, సరిదిద్దకపోతే, పాత్ర ఐమూలగా 1.41 రెట్లు వేగంగా పోతుంది. కారణం హైస్కూలులో చదివిన పైథాగరస్ సిద్ధాంతమే: రెండు భుజాలు ఒక్కొక్కటి అయితే కర్ణం 2 వర్గమూలం. దిశను అలాగే ఉంచి పొడవును ఒకటికి తగ్గిస్తే వేగం సరిపోతుంది. లెక్కల తరగతిలో దేనికి పనికొస్తుందో తెలియక బట్టీపట్టిన సూత్రం ఇక్కడ కళ్లముందు పనిచేస్తుంది. చదువు మానేసి గేములు నేర్చుకోమని ఎవరూ అనకూడదు. చదువుతూనే సెలవుల్లో ఒక చిన్న గేమ్ పూర్తిచేయమనడం న్యాయమైన సలహా.

కృత్రిమ మేధ అడిగిన కోడు రాసిపెడుతున్నప్పుడు ఇదంతా ఎందుకన్నది ఇప్పటి ప్రశ్న. కర్ర, బంతి ఉన్న గేమ్ రాయమంటే అది క్షణాల్లో రాస్తుంది, నిజమే. బంతి కర్రలోంచి దూసుకుపోతోందని గమనించడం, అందుకు కారణం వేగం, మందం లెక్కలో ఉందని పోల్చుకోవడం, ఏది అడగాలో తెలియడం మాత్రం ప్రాథమికాలు వచ్చినవారికే సాధ్యం. గెంతు బరువుగా ఉందా తేలికగా ఉందా అన్నది ఆడి చూసి మనిషే తేల్చాలి. తెలిసినవారికి ఈ సాధనాలు వేగాన్నిస్తాయి. తెలియనివారికి మళ్లీ ట్యుటోరియల్ హెల్‌నే కొత్త రూపంలో ఇస్తాయి: గేమ్ నడుస్తుంటుంది, నేర్చుకున్నది ఉండదు.

బతుకుతెరువు మాటకొస్తే, ఆశపెట్టే కథలను జాగ్రత్తగా చదవాలి. ఎరిక్ బరోన్ ఒంటరిగా కోడు, బొమ్మలు, సంగీతం అన్నీ తానే చేసి స్టార్‌డ్యూ వ్యాలీని 2016లో విడుదల చేశారు. దాని వెనుక నాలుగేళ్లకు పైగా శ్రమ, కంప్యూటర్ సైన్స్ పట్టా ఉన్నాయి. 100 డాలర్లు కడితే ఎవరైనా స్టీమ్‌లో గేమ్ పెట్టవచ్చు. అందుకే అక్కడ ఏటా పది వేలకు పైగా కొత్త గేములు వస్తున్నాయి, వాటిలో చాలావరకు ఎవరి కంటా పడవు. మన దేశంలో పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ బృందం 2017లో ప్రజల నుంచి నిధులు సేకరించబోయి విఫలమైనా పట్టువదలక రాజీ అనే గేమును 2020లో పూర్తిచేసి విడుదల చేసింది. తెలుగువారికి దగ్గరగా చూస్తే, హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి అంతర్జాతీయ సంస్థ స్టూడియో ఉంది. దేశంలోని గేమ్ తయారీదారులంతా కలిసే ఐజీడీసీ సదస్సు 2022, 2023, 2024 సంవత్సరాల్లో అక్కడే జరిగింది. కొత్తగా ఉద్యోగం కోరేవారి నుంచి ఇలాంటి సంస్థలు చూడాలనుకునేది ఆడించి చూపగల పని. మధ్యలో వదిలేసిన మహా ప్రపంచం కంటే, మొదలు నుంచి ముగింపు తెర దాకా చక్కగా నడిచే ఐదు నిమిషాల గేమ్ అక్కడ ఎక్కువ విలువ చేస్తుంది.

తెలుగు ఇళ్లలో గేమ్ అన్న మాటకే ఒక భయం ఉంది, దానికి కారణమూ ఉంది. ఆన్‌లైన్ రమ్మీ వంటి ఆటల్లో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాల బాధ చిన్నది కాదు. డబ్బు పెట్టి ఆడే ఆ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణలతో నిషేధించాయి. కేంద్రం 2025 ఆగస్టులో తెచ్చిన చట్టం దేశమంతటా డబ్బు ఆటల్ని నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను, సాధారణ వినోద గేములను వేరుగా గుర్తించి ప్రోత్సహించాలంది. గేమ్ ఆడటం, డబ్బు పందెం, గేమ్ తయారీ మూడూ వేర్వేరు విషయాలు. తన చేత్తో గేమ్ కట్టిన విద్యార్థికి ఆడేవారిని పట్టి ఉంచే ఎత్తుగడలు లోపలినుంచి తెలుస్తాయి. వాటికి చిక్కకుండా ఉండే తెలివి కూడా అక్కడే అలవడుతుంది.

మిగిలిన పెద్ద అడ్డంకి భాష. మంచి పాఠాలు, పత్రాలు, చర్చలు దాదాపు అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. కోడులో ఇంగ్లీషు పదాలు తప్పవు, అవి పాతిక ముప్పై నేర్చుకుంటే సరిపోతుంది. చిక్కు వివరణ దగ్గరే: కాలంతో ఎందుకు గుణించాలో, తాకిడి ఎందుకు తప్పిందో తల్లిభాషలో చెబితే పట్టుబడే వేగం వేరు. తెలుగు లిపికి సాంకేతికంగానూ ఒక కష్టం ఉండేది. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా అమరాలంటే అక్షరాలను సందర్భాన్ని బట్టి కలిపే ప్రత్యేక వ్యవస్థ కావాలి. గోడో 3లో అది లేదు. 2023 మార్చిలో వచ్చిన గోడో 4 హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ సాయంతో ఆ పని చేస్తోంది, కాబట్టి గేములో సంభాషణలన్నీ ఇప్పుడు తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఆ ఇంజిన్ డౌన్‌లోడ్ నూరు మెగాబైట్లలోపే, పాత ల్యాప్‌టాప్‌లోనూ చిన్న 2డీ గేములకు సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో, టాబ్లెట్‌లో నడిచే కూర్పు కూడా ఉంది. గోడో పత్రాల అనువాదం వెబ్‌లేట్ అనే వేదికలో ఎవరైనా చేపట్టవచ్చు. ఇంగ్లీషూ ప్రోగ్రామింగూ రెండూ తెలిసిన తెలుగువారు ఊళ్లోనూ విదేశాల్లోనూ లెక్కలేనంతమంది ఉన్నారు. వారిలో కొందరు కలిసి ఆ మొదటి 2డీ గేమ్ పాఠాన్నైనా తెలుగులో పూర్తిగా పెట్టాలి, జిల్లా పరిషత్ హైస్కూలు కంప్యూటర్ ల్యాబుల్లో అది తెరిపించే బాధ్యత ఉపాధ్యాయులు తీసుకోవాలి.